మగ్గం గుంతలో గుమ్మడి మొలక

యుద్ధం మొదలై రెండేళ్లో మూడేళ్లో అయిందనుకుంటాను, ధర్మవరంలో మా వీధి మగ్గాలు ఒక్కొక్కటే నిలిచిపోయాయి. పట్టు రావడం లేదన్నారు. ఉన్నదంతా ఆకాశంలోంచి దూకే సిపాయీల గొడుగులకు పోతోందట. ఆ మాట చెప్పిన సావుకారు మొహంలో నవ్వు లేదు గానీ, మా వీధిలో కొందరు నవ్వారు. మనిషి ఆకాశంలోంచి దూకడమేమిటి, దూకేవాడికి పట్టు గొడుగెందుకు అని. నేనూ నవ్వాను. మర్నాడు సావుకారు ఇంటికి పోతే పడుగు ఇవ్వలేదు. ఆ పై వారమూ ఇవ్వలేదు.

పడుగంటే చీర పొడవునా పోయే దారం. అది సావుకారు ఇవ్వాలి, మేము నేసి చీర ఆయనకివ్వాలి. నాకు తెలిసిన పని అదొక్కటే. మా నాయనకూ అంతే, ఆయన నాయనకూ అంతే. చిన్నప్పుడు వినాయకుణ్ణి చేయడానికి తప్ప మట్టి చేత్తో ముట్టిన జ్ఞాపకం నాకు లేదు.

మా అమ్మా నాయనా అప్పటికే పోయారు. ఇంట్లో నేను, నా భార్య. ఆమె పుట్టిల్లు హిందూపురం. తొలికాన్పు దగ్గర పడుతోందని మా అత్త వచ్చి తీసుకుపోయింది. పోయేముందు అత్త వంటింట్లో డబ్బాలన్నిటికీ మూతలు తీసి చూసింది. మళ్లీ పెట్టేసి, "కాన్పయినాక గూడా కొన్నాళ్లు ఆడనే ఉంటాదిలేప్పా. నీకు పని దొరికినాక పంపిస్తాం," అంది.

సరేనన్నాను. నా భార్య బండెక్కేటప్పుడు వెనక్కి తిరిగి, "పొయ్యి కాడికి పిల్లి రాకుండా చూసుకో," అంది. ఇంకేమైనా అంటుందేమోనని బండి సందు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

మగ్గాలు ఆడే వీధిలో పుట్టినవాడికి నిశ్శబ్దం అంటే ఏమిటో తెలియదు. నిద్రలో కూడా ఆ టకటకలు వినిపిస్తూనే ఉంటాయి. అవి ఆగిపోయాక మూడిళ్ల అవతల ఎవరో దగ్గితే వినబడేది. మధ్యాహ్నం పిచ్చుకలు చూరులో గింజలు ఒలుచుకోవడం వినబడేది. వీధిలో సగం మంది మగవాళ్లు బెంగుళూరు మిల్లులకు పోయారు. ఇద్దరు ముగ్గురు పటాలంలో చేరారు. నేను స్టేషన్లో మూటలు మోయడానికి పోయేవాణ్ణి. పని ఉన్న రోజు ఉండేది, లేని రోజు ఇంటికొచ్చి మగ్గం గుంత అంచున కూర్చునేవాణ్ణి.

గుంతమగ్గం చూడనివాళ్లకు చెప్పాలి. నేలలో మోకాళ్ల లోతు గుంత ఉంటుంది. నేసేవాడు గుంత అంచున పలక మీద కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేసి, కింద కట్టెలు తొక్కుతాడు. నేల చెమ్మగా ఉంటే పోగు తెగదని గుంతలో అప్పుడప్పుడూ నీళ్లు చల్లడం మా అలవాటు. పడుగు లేకపోయినా నేను పొద్దున లేవగానే చెంబుతో నీళ్లు చల్లేవాణ్ణి. చల్లకపోతే ఆ రోజు మొదలైనట్టే ఉండేది కాదు.

తాడిమర్రి వైపు పల్లె నుంచి ఒక అవ్వ గంపలో కాయగూరలు పెట్టుకుని మా వీధికి వచ్చేది. సన్నగా, నల్లగా, ముక్కుకు పెద్ద బేసరి పెట్టుకుని ఉండేది. ఒక రోజు ఆమె గంపలో పక్క పగిలిన గుమ్మడికాయ ఒకటి మిగిలిపోయింది. ఎవరూ తీసుకోలేదు. నా గుమ్మం ముందు గంప దించి, "తీస్కోప్పా. మళ్లా మోసకపోయే ఓపిక ల్యా నాకు," అంది.

కాయ తెచ్చుకుని, అలవాటు చొప్పున గుంత అంచునే కూర్చుని కోశాను. నాలుగైదు రోజులు అదే కూర, అదే పులుసు. గింజలు ఎక్కడ పడ్డాయో చూసుకోలేదు.

కార్తీకం వానలు తగ్గుతున్న రోజులవి. ఒక పొద్దున నీళ్లు చల్లబోతే గుంత మూలలో తెల్లగా ఏదో కనిపించింది. పురుగనుకున్నాను. వంగి చూస్తే మొలక. మెడ వంచుకుని, నెత్తిన గింజ తొక్కను టోపీలా పెట్టుకుని, కిటికీ వైపు సాగి ఉంది. జానెడు పొడుగు, దారమంత సన్నం. ఇంట్లో నేను కాక ఇంకొకటి ప్రాణంతో ఉండడం ఆ నెలలో అదే మొదటిసారి.

చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాను. తర్వాత దానికి మేలు చేద్దామనుకున్నాను. నెత్తిన టోపీ బరువుగా ఉంటుందేమోనని గోటితో లాగితే ఒక ఆకు సగం చినిగి తొక్కతోపాటు వచ్చింది. చీకట్లో ఉంది పాపం అని పెకలించి, పగిలిన కుండలో పెట్టి, నడిమధ్యాహ్నం ఎండలో వాకిట్లో పెట్టాను. సాయంత్రానికి తడి నూలుపోగులా కుండ అంచుమీద పడిపోయి ఉంది.

నవ్వొచ్చేంత చిన్న విషయం. అయినా ఆ పూట నేను పొయ్యి వెలిగించలేదు.

అవ్వ మళ్లీ వచ్చినప్పుడు నేనే ఎదురు వెళ్లి గంప దించాను.

"అవ్వా, మా ఇంట్లో గుమ్మడి మొలిచినాది. సచ్చిపాయ."

"యాడ మొలిచినాది?"

"మగ్గం గుంతలో."

అవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది. "నేను పుట్టి ఇంతయితి, మగ్గం గుంతలో సేద్యం ఎప్పుడూ యినల్యా సామీ! ఎట్ల సచ్చినాది?"

జరిగిందంతా చెప్పాను. నవ్వు ఆపి, తల అడ్డంగా ఊపింది. "బాలింత కాడ పండుకొని ఉండే బిడ్డను దెచ్చి నడీధిలో పండేసినట్ల చేస్తివి గదప్పా. చీకట్లో పుట్టినదాన్ని ఒక్కసారిగా ఎండకు పెడితే తట్టుకుంటాదా? ఆ తొక్క నువ్వు తీసేది కాదు. అదే తీసుకుంటాది. ఎండిపోయి ఊడకుంటే ఒక నీటిబొట్టు అద్దు, సాలు."

"మళ్లా పెట్టొచ్చునా?"

"ఎవురొద్దన్నారు? అయితే ఈదిలో పెట్టొద్దు. కోళ్లు గెలుకుతాయి, మేకలు కొరుకుతాయి. ఇంట్లోనే మొలిపించుకో. నాలుగాకులు వచ్చినాక బైట పెట్టు."

తర్వాతి సారి చిన్న గుడ్డమూటలో గింజలు తెచ్చి ఇచ్చింది. ఒక్కొక్కటీ తీసి నా అరచేతిలో పెట్టి వేలితో నొక్కి చూపించింది. బోలుగా వంగేది పనికిరాదట. గట్టిగా, నిండుగా ఉన్నదే గింజ. బాగా పండిన కాయలో తీసి, కడిగి, నీడలో ఆరబెట్టిందే మొలుస్తుందట.

తెలిసినవాడిలా తలూపి ఇంటికొచ్చాను. వచ్చి మొదటి దఫా గింజలన్నీ చంపాను. పోగుకు చెమ్మ ఎంత ఉంటే అంత మంచిదని నేర్చుకున్న చేయి నాది. పొద్దునా సాయంత్రమూ గుంతలో నీళ్లు పోశాను. వారం తిరిగేసరికి తవ్వి చూస్తే గింజలు మెత్తగా, వాసనేస్తూ ఉన్నాయి. రెండో దఫా నీళ్లు తగ్గించాను. ఈసారి ఎలుక వచ్చింది. పొద్దున చూస్తే గుంత నిండా ఒలిచేసిన తొక్కలు. ఆ రోజు నుంచి పొయ్యి దగ్గరికి పిల్లి వచ్చినా తోలలేదు. నా భార్య లేదు కదా అని ఒక ముద్ద కూడా పెట్టాను.

మూడో దఫాకు మార్గశిరం వచ్చింది. తెల్లవారుజామున నేల చల్లబడుతోంది. ఎలుక రాలేదు, కుళ్లు వాసన లేదు, మొలక కూడా లేదు. తవ్వి చూస్తే గింజ వేసినది వేసినట్టే ఉంది.

"సలికి పండుకొని ఉండాదిలే," అంది అవ్వ. "దాన్ని లేపాల. గోరెచ్చని నీళ్లలో ఒక రాత్రి నానేసి, తడిపి పిండిన గుడ్డలో మూటగట్టి, పొయ్యి పైన ఉట్టికి తగిలించు. చెయ్యి ఎనకపక్క పెట్టి చూడు. ఎచ్చగా ఉండాల, కాలగూడదు. గుడ్డ ఆరిపోతే చల్లు. కారేంత తడి వద్దు."

మూటకు గుడ్డ కావాలి. ఇంట్లో మెత్తని పాత నూలు గుడ్డ నా భార్య చీర ఒక్కటే. దాని కొంగు చింపాను. ఉట్టి పొయ్యికి ఎంత ఎత్తులో ఉండాలో తెలియక రెండుసార్లు మార్చాను. వండడానికి ఏమీ లేని రోజు కూడా పొయ్యి రాజేయాల్సి వచ్చింది. నాకోసమైతే రాజేసేవాణ్ణి కాను. నాలుగు పుల్లలు వేసి, మూట కింద చెయ్యి వెనక్కి తిప్పి పెట్టి, ఎచ్చగా ఉందా అని చూసుకుంటూ కూర్చునేవాణ్ణి. అలా కూర్చోవడంలో నేనూ కొంత వెచ్చబడ్డాను.

ఒక పొద్దున మూట విప్పితే గింజ కొనల్లోంచి తెల్లటి ముక్కులు బయటికి వచ్చి ఉన్నాయి. అన్నీ కాదు, సగానికి పైగా. వాటిని వేళ్లతో తియ్యడానికి భయం వేసింది. తెగిన పట్టుపోగును ముడేసేటప్పుడు వేళ్లు ఎంత నెమ్మదిగా ఉంటాయో అంత నెమ్మదిగా తీశాను.

కొబ్బరి చిప్పలు ముందే సిద్ధం చేసుకున్నాను. నీళ్లు నిలవకుండా అడుగున ఒక బొక్క. మట్టి, మాగిన పశువుల ఎరువు, చిత్రావతి ఏటి ఇసుక, మూడూ కలిపి జల్లించి వాటిలో నింపాను. గింజను పక్కకు పడుకోబెట్టి, వేలి మొదటి కణుపు లోతులో పెట్టి, పైన మట్టి వదులుగా కప్పాలి, నొక్కకూడదు. ఆ చిప్పలు పొయ్యి పక్కన పెట్టి పైన బుట్ట బోర్లించాను. మట్టి పగిలి పచ్చటి మెడలు కనిపించిన పొద్దునే బుట్ట తీసేసి వెలుతురులోకి మార్చాను. ఆ సంగతి గుంతలో మొలిచిన మొదటిదే నేర్పింది. వెలుతురు లేకపోతే అవి దాన్ని వెతుక్కుంటూ సాగి సాగి చచ్చిపోతాయి.

మా ఇంట్లో వెలుతురు పడే చోటు ఒక్కటే. నేసేవాడి పలక మీద. కిటికీ పెట్టిందే అందుకు. చిప్పలన్నీ ఆ పలక మీద వరసగా పెట్టి, నేను నేల మీద కూర్చున్నాను. కిటికీ వైపు ఒరుగుతాయని రోజూ పొద్దున ఒక్కొక్క చిప్పనూ వెనక్కి తిప్పేవాణ్ణి.

గోడ అవతల పక్కింటాయన కూడా నేతగాడే, నాకంటే పెద్దవాడు. ఆయన మగ్గమూ ఆగిపోయింది. కిటికీలోంచి తొంగి చూసి, "ఏమప్పా, మగ్గం మింద గుమ్మడి నేస్తాండావంట? అంచు ఎంత పెడతాండావు?" అన్నాడు.

"జరీ అంచు," అన్నాను.

ఆయన నవ్వుతూ వెళ్లిపోయాడు. ఆ మాట వీధంతా తిరిగింది. కొన్నాళ్లు అందరూ నన్ను అంచు ఎంత అని అడిగారు. నాకేమీ బాధ లేదు. అడగడానికైనా నిలబడుతున్నారు కదా అనుకున్నాను.

పుష్యంలో హిందూపురం నుంచి వచ్చిన బంధువొకాయన, ఆడపిల్ల పుట్టిందని చెప్పి, నీళ్లు తాగి, తన పని మీద పోయాడు. నేను అది ఎవరికి చెప్పాలా అని చూశాను. పక్కింటాయన ఊళ్లో లేడు. అవ్వ వచ్చే రోజు కాదు. పలక దగ్గరికి పోయి మొక్కల ముందు కాసేపు నిలబడ్డాను. వాటికి చెప్పానని చెప్పను. నిలబడ్డాను అంతే.

పేరు పెట్టే రోజుకు రమ్మన్నారు. ఏమి తీసుకుపోవాలో తెలియలేదు. నేతగాడు బిడ్డకు గుడ్డ తీసుకుపోవాలి. నా దగ్గర గుడ్డ తప్ప మిగతావన్నీ ఉన్నట్టు, చివరికి మూడు కొబ్బరి చిప్పలు ఒక గంపలో పెట్టుకున్నాను. అప్పటికి వాటిని బయటి గాలికి అలవాటు చేశాను. మొదటి రోజు పొద్దుటెండ కాసేపు, మర్నాడు ఇంకాసేపు. కాండాలు గట్టిపడ్డాయి. ఒక్కొక్కదానికి మూడు నాలుగు గరుకాకులు.

రైలు పెనుకొండలో ఆగిపోయింది. మిలిటరీ బండికి దారివ్వాలట. పెట్టెలో ఉక్కకు ఆకులు వాలిపోతుంటే గంప ఎత్తుకుని దిగి, ప్లాట్‌ఫారం చివర చింతచెట్టు నీడలో కూర్చున్నాను. ఎదురుగా కొండ. కొండ మీద కోట గోడలు ఎండకు తెల్లగా కనిపిస్తున్నాయి. నా భార్యతో ఏమి మాట్లాడాలో ఆలోచించాను. ఎలా ఉన్నావు అని మొదలుపెట్టాలా, బిడ్డ ఎవరి పోలిక అని మొదలుపెట్టాలా? నోట్లోనే అనుకుని చూస్తే నా గొంతు నాకే కొత్తగా ఉంది.

మిలిటరీ బండి వచ్చింది. పోతుందనుకుంటే అదీ ఆగింది. కిటికీల నిండా సిపాయీలు. నాకు దగ్గర్లో ఉన్న కిటికీలోంచి పెద్ద మీసాలాయన ఒకడు నా గంప వైపు వేలు చూపించి ఏదో అన్నాడు. ఏ దేశపు మాటో నాకు తెలియదు. గంప ఎత్తి చూపించి, "గుమ్మడి," అన్నాను. ఆయన "గుమ్డి," అని, తన భాషలో దాని పేరు చెప్పాడు. నేను దాన్ని పలకబోతే నవ్వాడు. రెండు చేతులూ చాచి పెద్ద కాయను ఎత్తుకున్నట్టు చూపించాడు. నేను తలూపాను. ఆయన దగ్గరికి రమ్మని, ఆకును రెండు వేళ్ల మధ్య పట్టి చూసి, తన నీళ్ల బుడ్డి తెరిచాడు. ఆకుల మీద పడకుండా, మొదట్లో మాత్రమే, చిప్ప అంచు వెంబడి కొంచెం కొంచెంగా పోశాడు. అలా పొయ్యడం మట్టిలో పెరిగినవాడికే వస్తుంది. పోస్తూ ఏదో చెబుతూనే ఉన్నాడు. వాళ్ల ఇంటి సంగతో, పొలం సంగతో. చాలా చెప్పాడు. బండి కూత వేసింది. ఆయన బుడ్డి మూత పెట్టుకుంటూ ఇంకో మాట అన్నాడు. బండి కదిలింది.

ఆ ఏడు నాతో అంతసేపు మనసుపెట్టి మాట్లాడిన మనిషి ఆయనే. ఆయన మాటల్లో ఒక్కటీ నాకు తెలియలేదు. ఏ యుద్ధంలోకి పోయాడో, తిరిగి వచ్చాడో లేదో.

హిందూపురం చేరేసరికి పొద్దు వాలుతోంది. అత్త గుమ్మంలోనే గంపలోకి చూసింది. "దుడ్లు ల్యాకపోతే ల్యాకపాయ, ఇదేందప్పా, కొబ్బరి చిప్పల్లో మట్టి పట్టుకొస్తివి?" అంది.

"గుమ్మడి మొక్కలు, అత్తా."

"ఈడ గుమ్మడికాయలు దొరకవా?"

నేను గంప మూలన పెట్టాను.

నా భార్య గదిలో బిడ్డను పక్కన వేసుకుని పడుకుని ఉంది. సాంబ్రాణి పొగ, వాము వాసన. బిడ్డ మొహం గుడ్డలోంచి నా పిడికిలంత కనిపించింది. ఎత్తుకోమంటుందేమోనని చేతులు పంచెకు తుడుచుకున్నాను. నిద్రపోతోంది, లేపొద్దంది. పని ఏమైనా దొరికిందా అని అడిగింది. లేదన్నాను.

"మరి పొద్దంతా ఏం జేస్తాండావు?"

అప్పుడు చెప్పడం మొదలుపెట్టాను. గుంతలో మొలకెత్తడం, ఎండకు చావడం, కుళ్లిన గింజలు, ఎలుక, పిల్లి, ఉట్టి మీద మూట. ఆమె చీర కొంగు చింపానని కూడా చెప్పాను. నెలల తరబడి మాట్లాడనివాడికి మాట దొరికితే ఎలా ఉంటుందో అలా చెప్పాను. ముందు మరిచిపోయిన టోపీ సంగతికి తిరిగి వచ్చేసరికి చూస్తే నా భార్య నిద్రపోతోంది. బాలింత, అలసిపోయి ఉంది. అయినా నాకు ఆగబుద్ధి కాలేదు. గొంతు తగ్గించి మిగిలింది కూడా చెప్పేశాను.

పేరు పెట్టడం అయిపోయింది. మా అమ్మ పేరే పెట్టారు. మర్నాడు పొద్దున పెరట్లో మొక్కలు నాటడానికి చోటడిగితే అత్త, "ఆడ పెట్టు. స్నానం నీళ్లు పారతాయి," అని చెయ్యి చూపించి లోపలికి పోయింది. గుంత తీసి, ఎరువు వేసి, చిప్పను రాతితో తట్టి పగలగొట్టి, మట్టిగడ్డ చెదరకుండా మొత్తంగా దించాను. వేరు కదిలితే గుమ్మడి ఓర్చుకోదు. నా భార్య బిడ్డనెత్తుకుని వంటింటి గడపలో నిలబడి చూసింది.

"నేను వస్తే ఆడ ఏం తిని బతకాల?" అంది, నేను అడగకుండానే.

"ఇప్పుడు రావద్దులే," అన్నాను. అది నిజమే. నిజమైనంత మాత్రాన తిరుగు ప్రయాణం తేలికవలేదు.

ధర్మవరంలో మిగిలిన మొక్కల్లో బలమైనదాన్ని ఒకదాన్ని నా గోడ మొదట్లో నాటి, చుట్టూ ముళ్లకంప పెట్టి, పాత మగ్గం తాళ్లు కట్టి మిద్దె మీదికి ఎక్కించాను. మిగతావి వీధిలో అడిగినవాళ్లకు ఇచ్చాను. ఎర్రపురుగు ఆకులు కొరికితే పొద్దున మంచు తడి మీద బూడిద చల్లాను. ఎండలు ముదిరాక బావి నుంచి మోయడం కష్టమైంది. నా స్నానం తగ్గించుకున్నాను.

పూలు వచ్చాయి. పసుపుపచ్చగా మిద్దె నిండా. నాకు సంబరం. రెండు రోజులకు అన్నీ రాలిపోయాయి. అవ్వ వచ్చినప్పుడు నా మొహం చూసి, "అవి మగపూలప్పా. ముందర అవే వస్తాయి. ఆడపూవుకు కిందనే చిన్న పిందె ఉంటాది, అదొచ్చేదాకా ఓర్చుకో," అంది. ఆ తర్వాత ఆమె మళ్లీ రాలేదు.

మొదటి కాయ పండి, తొడిమ ఎండాక, దాన్ని ఆమెకే ఇవ్వాలని ఎత్తుకుని కాయగూరలమ్మే వాళ్ల దగ్గరికి పోయాను. తాడిమర్రి పక్క నుంచి వచ్చే అవ్వ, ముక్కుకు బేసరి ఉంటుంది అని గుర్తులు చెప్పాను. ఒకామె ఆలోచించి, "ఆ యవ్వా? చూపు ఆనల్యాదని కూతురు రొద్దానికి పిల్సకపాయ. ఇంగ రాదు," అంది.

కాయ చంకన పెట్టుకుని అక్కడే కాసేపు నిలబడ్డాను. రొద్దంలో ఏ ఇల్లని అడగాలి? ఆమె పేరు నేనెప్పుడూ అడగలేదు. నా పేరు ఆమె అడగలేదు. ఇంటికి తెచ్చి కోసి, వీధిలో ఇంటికో ముక్క పంచాను. పక్కింటాయన తన ముక్కను తిప్పి తిప్పి చూసి, "అంచు బాగుండాదప్పా," అన్నాడు.

వానలు పడ్డాక మళ్లీ హిందూపురం పోయాను. అత్త గుమ్మంలో లేదు, పెరట్లో ఉంది. మూడింటిలో రెండు మొక్కలు మేక తినేసింది. ఒక్కటి బతికి గోడ దాటి పక్కింటి రేకుల మీదికి పాకింది. నా భార్య పాదు దగ్గర వంగి పిందెల కింద ఎండుగడ్డి సర్దుతోంది. నన్ను చూసి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ లేచింది.

"మొదుట్లో పూలన్నీ రాలిపోతాంటే నాకు ఏడుపొచ్చినాది తెలుసునా?" అంది.

"నాకూ వచ్చినాది," అన్నాను.

ఆమె ఇంకో దఫా గింజలు తనే మొలకెత్తించిందట. ఉట్టి మీద మూటగట్టి. రెండు మొలకలకు తొక్క లాగబోయి ఆకులు చించుకుందట. "తొక్క లాగొద్దని చెప్పకపోతివి," అంది కోపంగా.

"చెప్పినాను. నువ్వు నిద్రపోయినావు."

ఆమె ఒక క్షణం నన్ను చూసి నవ్వింది. పెళ్లయినప్పటి నుంచి మేమిద్దరం ఒకే పని గురించి అంతసేపు మాట్లాడుకున్నది ఆ రోజే. చీకటి పడేదాకా పాదు దగ్గరే కూర్చున్నాం. బిడ్డ మాత్రం నన్ను చూసి ఏడ్చి, అమ్మమ్మ మెడ వదల్లేదు.

అప్పటికీ నా భార్య వెంటనే ధర్మవరం రాలేదు. రావడానికి వీలు లేదు. నేను మూటలు మోస్తూ, వీలైనప్పుడల్లా పోయి వస్తూ ఉన్నాను. ప్రతి సారీ పిల్ల కొంచెం పెద్దదై, కొంచెం కొత్తగా కనిపించేది. పెనుకొండలో రైలు ఆగినప్పుడల్లా కిటికీలోంచి చింతచెట్టు వైపు చూసేవాణ్ణి. అక్కడ ఎప్పుడూ ఎవరో ఒకరు మూటలు పెట్టుకుని కూర్చుని ఉండేవాళ్లు.

యుద్ధం అయిపోయాక కూడా పట్టు వెంటనే రాలేదు. వచ్చినప్పుడు కొంచెం కొంచెంగా వచ్చింది. సావుకారు మనిషిని పంపి పడుగు తీసుకుపొమ్మన్న రోజు, పలక మీద ఆ ఏటి మొలకలు ఉన్నాయి. అన్నిటినీ పక్కింటాయన కిటికీలోకి మార్చి, గుంత ఊడ్చి, కట్టెలకు పట్టిన బూజు దులిపాను. మొదటి రోజు నా కాళ్లకు తాళం కుదరలేదు. అడ్డపోగు మోసే నాడె రెండుసార్లు కింద పడింది. సాయంత్రానికి కుదిరింది.

మొదటి చీర దిగాక నా భార్యను తీసుకొచ్చుకున్నాను. బండి దిగి లోపలికి వచ్చి, ముందు వంటింట్లోకి పోయి డబ్బాల మూతలు తీసి చూసింది, వాళ్లమ్మ చూసినట్టే. తర్వాత మగ్గం దగ్గరికి వచ్చి నిలబడి, "శబ్దం చానా ఉండాదే," అంది. హిందూపురంలో ఉండి మరిచిపోయింది.

పిల్ల ఆమె చీర కుచ్చిళ్ల వెనక దాక్కుని నన్ను చూసింది. నేను చేయి చాచాను. రాలేదు. బలవంతం చెయ్యలేదు. నేను నేస్తుంటే గుంత అంచున నాకు దూరంగా కూర్చుని నాడె ఇటూ అటూ పోవడం చూసేది. ఏదైనా కావాలంటే "ఓయ్" అని పిలిచేది. నేను "ఆఁ" అని పలికేవాణ్ణి. నాయనా అని పిలవడానికి ఇంకో వానకాలం పట్టింది.